బాలబాలికలు - కాఫీ తేనీరులు: ఒక గృహధర్మ విచారము

బిడ్డలకు కాఫీ గాని తేనీరు గాని యే వయస్సున నియ్యవచ్చు నను ప్రశ్నను ధర్మవిచారమని పిలిచినచో కొందరు నవ్వవచ్చును. సత్యమన నేమి, ఆత్మకు మరణము కలదా, ఈశ్వరుడు సృష్టికి బాహ్యుడా యంతర్యామియా యని విచారించు వేదికపైకి ఫిల్టరును పాలగిన్నెను దెచ్చిపెట్టుట యుచితమా యని వారి యాక్షేపము. కాని మన దేశమున సంఘసంస్కారమన్న దెన్నడును పెద్దమాటలలో నిలిచియుండలేదు. ఎవరి సరసను గూర్చుండి భుజింపవచ్చును, ఎవరి చేతి నీరు త్రాగవచ్చును, ఆడుబిడ్డ కేయేట పెండ్లి చేయవలెను, భర్త పోయిన పడుచు తల జుట్టు నెవరి కొరకు తీయింపవలెను - ఇవియే గదా మన పెద్దలు పోరాడిన రణరంగములు! ఇవి యన్నియు వంటయింటికిని వీధియరుగునకును సంబంధించిన సంగతులే. ప్రతిదినమును జరుగుచు, ఎవ్వరిచేతను విచారింపబడక, విచారింపబడకపోవుటచేతనే బలపడిన పనులయందు ధర్మాధర్మములు మిక్కిలి యెక్కువగా దాగియుండును. కాబట్టి నవ్వువారిని నవ్వనిచ్చి మనము విషయములోనికి బోవుదము.

మన యిండ్లలో శిశువునకు పేరు పెట్టుట కొక దినము కలదు. అన్నము ముట్టించుట కొక దినము కలదు. అక్షరములు దిద్దించుట కొక దినము కలదు. ముహూర్తములయందు నమ్మకము లేనివారుసైత మా దినములను ప్రార్థనతోడను బంధుమిత్రులతోడను గడపుచున్నారు. కాని కాఫీ ప్రారంభించిన దిన మెవ్వరికి జ్ఞాపకమున్నది? ఏ తల్లినైనను "మీ వా డెప్పటినుండి త్రాగుచున్నా"డని యడిగి చూడుడు. "ఎప్పటినుంచో, పెద్దవాళ్లతో పాటు కొంచెం కొంచెం" అనియే యామె చెప్పును. తాతగారు సాసరులో మిగిల్చిన గుక్కెడు. పాలు త్రాగనని మారాము చేసినపుడు రంగు కొరకని నాయనమ్మ వేసిన రెండుచుక్కల డికాక్షను. చుట్టపుచూపుగా బోయిన యింట "పిల్లవాడిక్కూడా అర గ్లాసు" అని యిల్లాలు చూపిన మర్యాద. హైదరాబాదు ఇరానీ హోటలులో బిస్కత్తు ముంచుకొమ్మని తండ్రి ముందునకు జరిపిన చాయ కప్పు - ఇట్లు ప్రవేశించును. ఇచ్చితిమని యెవ్వరు ననరు. నిర్ణయించితిమని యెవ్వరు ననరు. ఒక యేడు గడచునప్పటికి బిడ్డ పలుదోముకొని వచ్చి గ్లాసు కొరకు వంటయింటి గుమ్మమున నిలుచుండును, ఆలస్యమైనచో విసుగుకొనును. అప్పుడు తల్లి "వీడికి అలవాటైపోయింది" అనును. వాడంతట వాడే యెక్కడనో తెచ్చుకొన్నట్లుగా ననును!

అందుచేత ఏ వయస్సున నియ్యవచ్చు ననుటకు ముందు, మన మసలు నిర్ణయించుచున్నామా యని ప్రశ్నించుకొనుట న్యాయము. తల్లిదండ్రుల యధికారము బిడ్డ బ్రతుకుపై మిక్కిలి గొప్పది. అంత గొప్ప యధికార మెవ్వరును నిర్ణయింపకుండ, ఎవ్వరును జవాబుదారులు గాకుండ ప్రవర్తించుటయే నా మనస్సునకు మొదట నొప్పించిన సంగతి.

ఇక శరీరమును గూర్చి కొంచెము తెలిసికొందము. కాఫీలోను తేయాకులోను గల ప్రధాన ద్రవ్యము కెఫీను. దీనిని కాఫీ గింజలనుండి 1819వ సంవత్సరమున రూంగే యను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు వేరుపరచెను. మనుష్యుడు మేలుకొనియున్నంతసేపును మెదడులో అడినోసిను అను పదార్థము కొంచెము కొంచెముగా చేరుచు నిద్రను బిలుచుచుండును. కెఫీను ఆ పదార్థము కూర్చుండవలసిన పీటలపై తాను పోయి కూర్చుండును. అందుచే నా పిలుపు వినబడదు. అలసట తీరినదని మన మనుకొందుము. అది తీరలేదు; మనకు తెలియకుండ బోయినది, అంతియే. పెద్దవారి శరీరములో పుచ్చుకొన్న కెఫీనున సగము విరిగిపోవుటకు సుమారైదు గంటలు పట్టును. అనగా సాయంకాల మైదింటికి త్రాగినదానిలో సగము రాత్రి పదింటికిని రక్తములో తిరుగుచునే యుండును. ఎదుగు బిడ్డకు నిద్రయు నొక యన్నమే యని తల్లులకు వేరుగ జెప్పనక్కరలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహారనియమములలో 150 మిల్లీలీటర్ల వడబోత కాఫీయందు 80 మొదలు 120 మిల్లీగ్రాముల వరకును, పొడి కలిపి చేయు ఇన్‌స్టెంటు కాఫీయందు 50 మొదలు 65 వరకును, తేనీటియందు 30 మొదలు 65 వరకును కెఫీను ఉండునని చెప్పి, దినమునకు 300 మిల్లీగ్రాములు మించరాదనిరి. అది పెద్దల సంగతి. ఐరోపా ఆహారభద్రతా సంస్థవారు 2015లో బాలబాలికలకు శరీరభారమున కిలో యొక్కింటికి దినమునకు 3 మిల్లీగ్రాములను మేరగా జెప్పిరి. 15 కిలోల బిడ్డ కీ లెక్కను 45 మిల్లీగ్రాములు. వడబోత కాఫీ అరగ్లాసుతో నా మేర ముట్టును. 60 కిలోల తండ్రి త్రాగునంత గ్లాసును 15 కిలోల బిడ్డ త్రాగుట, శరీరభారమును బట్టి చూచినచో, తండ్రి నాలుగు గ్లాసులు వరుసగా త్రాగుటతో సమానము. ఇట్లు గుణించి చూచు తండ్రులు మనలో నెందరు? బియ్యము బస్తాను తూచి కొనుటలో మన కున్న శ్రద్ధ యిందులో లేదు.

ఇంతకంటెను ముఖ్యమైన దొకటి కలదు. కాఫీ తేనీరులలోని వగరు పదార్థము లన్నముతో బాటు కడుపులో జేరినప్పుడు ధాన్యములలోను ఆకుకూరలలోను గల యినుమును శరీరము గ్రహింపకుండ నడ్డగించును. అందుచేతనే భోజనమునకు గంట ముందును గంట తరువాతను వీనిని పుచ్చుకొనరాదని పై సంస్థవారే చెప్పిరి. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనయందు ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపలి పిల్లలలో ఆంధ్రప్రదేశమున నూటికి 63 మందియు, తెలంగాణమున 70 మందియు రక్తహీనులుగ గనబడిరి. దీనికి కాఫీ తేనీరులే కారణమని నే ననను. దారిద్ర్యము కలదు, నులిపురుగులు కలవు, తల్లుల రక్తహీనత కలదు. కాని యుదయమున రాగిజావతోనో పెరుగన్నముతోనో నిండవలసిన చిన్నకడుపును తీపినీళ్లతో నింపి, ఆ మీద తిన్న కొలదిపాటి యినుమును గూడ వృథా చేయుట, కరవునాట గాదె గుమ్మికి రంధ్రము చేయుట వంటిది.

"మా తాతముత్తాతలనాటి యలవాటు, దానివలన నెవ్వరు చెడిరి?" అని యనువారు కలరు. ఈ వాదమును బాల్యవివాహముల విషయమున మనవారు చాలమారులు వినియే యున్నారు. అదియైనను నిజముగ పాత యాచారము. ఇది యట్లును గాదు. పదునేడవ శతాబ్దమున బాబాబూదన్ అను ఫకీరు కాఫీ గింజలను మైసూరు కొండలకు దెచ్చెనని ప్రతీతి కలదు గాని, తెలుగునాట మధ్యతరగతి యిండ్లలో కాఫీ నిత్యవిధియగుట మూడు నాలుగు తరముల మాట. తేనీటి కథ మరియు చిత్రమైనది. తేయాకు వ్యాపారాభివృద్ధికై 1903లో ప్రభుత్వము వేరుగ నొక సుంకము విధించుచు చట్టము చేసెను. ఆ ద్రవ్యముతో ప్రచారకులు వీధులలోను రైలు స్టేషనులలోను తేనీరు కాచి చూపి, పోసి, జనులకు రుచి మప్పిరి. మప్పినవారు వర్తకులు, మప్పబడినవారు మన తాతలు. ఒకరి లాభము కొరకు తెలిసియే నాటబడిన యలవాటును పూర్వుల ధర్మమని భావించుట పూర్వులకు గౌరవము గాదు.

ఇట్లని బిడ్డను మాన్పించుటకు మన యిండ్లలో వాడుకలోనున్న యుపాయమును నేను మెచ్చజాలను. "కాఫీ తాగితే నల్లబడిపోతావు" అని బిడ్డను బెదరించుట తెలుగువారి యిండ్లలో నెల్లయెడల గలదు. ఇది యసత్యము. కాఫీకిని చర్మపు రంగునకును సంబంధమే లేదు. ఆ బిడ్డ పదేండ్ల ప్రాయమున దీనిని తెలిసికొనును; తెలిసికొన్ననాడు కాఫీయొక్క హానిని గూర్చి మనము చెప్పిన నిజమును గూడ నమ్ముట మానును. పోనిండు, అది యొక నష్టము. రెండవది దానికంటె భయంకరము. నల్లనగుట యొక శిక్ష యని, దేవుడు తన చెల్లెలికో తన తోడి విద్యార్థికో యిచ్చిన వర్ణము సిగ్గుపడవలసినదని, నాలుగేండ్ల బిడ్డకు మన మా యొక్క వాక్యముతో నుపదేశించుచున్నాము. పదునెనిమిదేండ్ల తరువాత పెండ్లిచూపులలో ఆ యుపదేశము ఫలించును. గుక్కెడు కాఫీనుండి కాపాడబోయి మనస్సులోనికి విషము పోసినట్లయినది. కాఫీ త్రాగినచో పొడవెదుగరను మాటయు నీ జాతిలోనిదే. దానికి శాస్త్రాధార మేదియు గానరాలేదు. బిడ్డ నిద్రకును ఆకలికిని ఇది చెఱుపని చెప్పిన చాలదా? ఆ మాట బిడ్డకు తెలియదని యనుకొనుట బిడ్డలను తక్కువగా నెంచుటయే. ఐదేండ్లవాడు "ఇది తాగితే రాత్రి నిద్ర రాదు, పొద్దున ఆకలి వేయదు" అను మాటను చక్కగా గ్రహించును.

ఇప్పుడు ధర్మమున కసలు స్థానమైన చోటికి వచ్చితిమి. తనంత తాను కోరజాలని ప్రాణియందు ఒక కోరికను పుట్టించు హక్కు మనకు కలదా? ఈశ్వరుడు బిడ్డ నాకలితోను దప్పితోను నిద్రతోను మన కప్పగించెను. ఈ మూడింటిని దీర్చుట మన విధి. నాలుగవ దప్పి నొకదానిని మనమే కల్పించి, దానిని మనమే తీర్చుచు, దాని పేరు ప్రేమ యని పెట్టుచున్నాము.

దీనికి బుద్ధిమంతులైన మిత్రు లొక ప్రత్యుత్తరము చెప్పుదురు. బిడ్డ యంగీకారముతో నిచ్చునది యేది గలదు? తెలుగుభాషను వాని నడిగి నేర్పితిమా? చదువు నడిగి చెప్పించితిమా? ఆదివారమున ప్రార్థనాసమాజమునకు వానిని వెంటబెట్టుకొని పోవునపుడు సమ్మతి గైకొంటిమా? ఇది గట్టి ప్రశ్నయే. దీని కెదురుగ నిలువక తప్పించుకొనుట సత్యపరులకు దగదు. నాకు దోచిన సమాధాన మిది. ఇచ్చిన వస్తువు, ఇచ్చినవానినే కాదనుటకు బిడ్డకు శక్తినిచ్చునా, లేక తన్ను తాను కాదనలేని స్థితికి వానిని దెచ్చునా యని చూడవలెను. అక్షరములు నేర్చిన కొడుకు రేపు తండ్రి నమ్మినదానిని ఖండించుచు వ్యాసము వ్రాయవచ్చును. ఆ శక్తిని తండ్రియే యిచ్చెను. మన ప్రార్థన నేర్చిన కూతురు పెద్దదై, ఇది నాకు నచ్చలేదని చెప్పి మానుకొనవచ్చును. మానుకొన్ననాడు తలనొప్పి రాదు. కాఫీ యట్లు గాదు. నిత్యము త్రాగువాడు దానిని మానిన మరునాడే తలనొప్పియు చిరాకును పుట్టుట యెల్లవా రెరిగినదే. తన్ను మాననీయని వస్తువును, మానుట యన నేమో తెలియని వయస్సున నిచ్చుట - ఇక్కడ నున్నది దోషము; పానీయమున గాదు.

పానీయమున గాదని వేరుగ జెప్పుటకు గారణము కలదు. సంస్కర్తల కొక జాడ్యము గలదు. పాత మడిని విడిచినవాడు కొత్తమడి గట్టుకొనును. కాఫీని సారాయితో సమానముచేసి, త్రాగువానిని పతితునివలె జూచుటకు మనలో కొందరు సిద్ధముగ నుందురు. కల్లు సారాయిలు కుటుంబములను గూల్చినవి, కాఫీ గూల్చలేదు. పెద్దవాడు మితముగ త్రాగు కాఫీవలన పాపము లేదు, పెద్ద హానియు లేదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయివంటి రసాయనశాస్త్రజ్ఞుడు, బ్రాహ్మసమాజీయుడు, తేనీటి యలవాటును తీవ్రముగ నిరసించినమాట నిజమే. ఆయన యెడల నాకు గల గౌరవమునకు లోపము లేకుండగనే, ఆయన పెద్దలను గూర్చి చెప్పినంత దూరము నేను పోజాలను. బిడ్డల విషయము వేరు.

అట్లయిన నేవయస్సు? వయస్సును జెప్పుము, వేదాంతము వలదని గృహస్థు లడుగుదురు. అడుగవలసినదే. పన్నెండేండ్లు నిండువరకు కాఫీగాని తేనీరుగాని యసలే వలదు. పన్నెండు మొదలు పదునారు వరకు నిత్యవిధిగ వలదు. పండుగనాడో ప్రయాణములోనో, ఉదయవేళ, పాలు మెండుగ నున్న చిన్నగ్లాసు త్రాగినచో తప్పు పట్టరాదు. పదునారు దాటినపిమ్మట మన మెరిగినదంతయు జెప్పి, నిర్ణయమును వారికే విడువవలెను. ఈ యంకెలలో దైవాజ్ఞ యేదియు లేదు. పన్నెండేండ్లవాని మెదడునకును పదునొకండున్నరవాని మెదడునకును నడుమ ప్రకృతి గోడ గట్టలేదు. మరి యంకె యెందులకు? అంకె లేని ప్రేమ, అడిగిన ప్రతివారికిని లొంగును గనుక.

ఈ విషయమున మన సమాజ చరిత్రయే యొక పాఠము. 1871లో కేశవచంద్రసేనుడు బాలికల వివాహమునకు దగిన కనీసవయస్సెంతయని ప్రముఖ వైద్యులకు లేఖలు వ్రాసి వారి యభిప్రాయములను గూర్చెను. ఆ యుద్యమఫలముగ 1872లో పుట్టిన వివాహచట్టము వధువునకు పదునాలుగును, వరునకు పదునెనిమిదియు కనీసముగ విధించెను. పదునాలుగు తక్కువయే, అయినను అంకె లేని చోట నంకె పుట్టినది. ఆరేండ్లు గడచినవి. 1878లో కూచ్‌బిహారు సంస్థానాధిపతితో తన కుమార్తెకు సంబంధము కుదిరినపుడు, వధూవరు లిరువురును ఆ మేరకు లోపలివారై యుండగనే, ఆ మహనీయుడు వివాహమున కంగీకరించెను. సమాజము రెండుగ జీలి సాధారణ బ్రాహ్మసమాజ మేర్పడెను. కేశవుని భక్తిని గాని వాగ్వైభవమును గాని శంకించువాడను గాను. నే జెప్పునది యిది: ఎల్లవారి బిడ్డలకును వర్తించు నంకె, మన యింటికి గొప్ప యవకాశము వచ్చినరాత్రి మన చేతనే చెరుపబడును. అంకె యున్నందుననే చెరిపినమాట నలుగురికి గనబడినది. లేకున్న నెవ్వరికిని తెలియకుండెడిది.

మన యిండ్లలో నా రాత్రి పరీక్షలరాత్రి. ఎనిమిదేండ్లనాడు "పిల్లలు త్రాగరాదు" అని గ్లాసును లాగికొన్న తల్లియే, పదవతరగతి రాగానే వేకువజామున నాలుగింటికి కొడుకును లేపి, తానే కాచి, తానే తెచ్చి, "తాగి చదువుకో నాన్నా" అని చేతికిచ్చును. రాత్రి పండ్రెండు గంటలకు మరియొకటి. ఇంటర్మీడియటు వసతికళాశాలలలో బిడ్డలు తెల్లవారకమునుపే పుస్తకములముందు కూర్చుండుట మనము చూచుచునే యున్నాము. కొందరు కాఫీతో దృప్తిపడక కెఫీను నింపిన శీతలపానీయపు డబ్బాలను గొనుచున్నారు. పిల్లలకు తగదని వానిమీదనే ముద్రింపబడియుండును, అయినను కొట్టువాడమ్మును. ఈ తల్లి దుష్టురాలు గాదు. ఆమె కన్నులయందు నిద్ర లేదు. కాని యామె యేమి చేసినదో చూడుడు. బిడ్డకు హానియని యెరిగి దాచిన వస్తువును, బిడ్డవలన మన కొక ప్రయోజనము గలిగిన దినమున తానే యిచ్చినది. అంతవరకు ప్రశ్న బిడ్డ వయస్సును గూర్చినది; ఇప్పుడు మార్కులను గూర్చినది. అలసిన బిడ్డ మెదడు నిద్రను బిలుచుచుండగా, ఆ పిలుపు వినబడకుండ చేయుటకు మనమే మందు పోయుచున్నాము. చదివినది నిలుచుటకు నిద్రయే సాధనమని శాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, నిద్రను తీసి చదువును నిలుపబోవుట వివేకముగ గూడ లేదు. ఏ గృహస్థుడైనను నీ వ్యాసమునందలి యొక్క మాటను మాత్రమే పాటింపదలచినచో, పరీక్షలరాత్రి కాఫీ పోయకుండుటను పాటింపవలెనని నా ప్రార్థన. పది మార్కులు తగ్గినను తగ్గనిండు.

ఆడుపిల్లల సంగతి వేరుగ జెప్పుట నాకిష్టము లేదు గాని చెప్పక తీరదు. కొడుకునకు చదువు పేర గ్లాసు ముందునకు వచ్చును. కూతురునకు పదేండ్లకే ఆ గ్లాసును కాచి తెచ్చుట విధియగును. ఇంటికి నలుగురు వచ్చినపుడు పళ్లెరము పట్టుకొని నిలుచుట నేర్చిన పిల్ల, తరువాత నొకనాడు వధువుగా పరీక్షింపబడుటకును అదే పళ్లెరముతో వచ్చును. నియమ మేదియైనను ఇరువురకు నొకటియే కావలెను: త్రాగకుండుటయందును, కాచి పోయుటయందును.

"తాను త్రాగుచు బిడ్డను వలదనుట కపటము గాదా" యని కొందరు తండ్రులు మొగమోటపడుదురు. కపటము గాదు. తండ్రి బండి తోలును, బిడ్డను తోలనీయడు, అది కపటమా? వయస్సున కొక హద్దు కలదని స్పష్టముగ జెప్పినచో బిడ్డ దానిని న్యాయమనియే గ్రహించును. కపట మున్నచోటు వేరు. ఉదయమున లేవగనే కాఫీ చేతికి రానిచో యింటిల్లిపాదిమీదను కసరుకొను తండ్రి, తరువాత దానిని గూర్చి "ఇదేమంత, మంచినీళ్లలాంటిదే" అని చెప్పునపుడు గలదు కపటము. "నాకిది లేనిచో తల నొచ్చును, మానవలెనన్న కష్టముగ నున్నది, అందుచేతనే నీకిప్పుడే వలదనుచున్నాను" అని చెప్పగల తండ్రి మాటకు గల బలము, చేటు చెప్పు పుస్తకములకు లేదు. ఇట్టి యొప్పుకోలువలన పితృగౌరవము తగ్గునని భయపడువారు గలరు. బిడ్డలు మన బలహీనతల నెన్నడో చూచియున్నారు. మనము చెప్పుటయే తరువాయి.

ఇంతవరకు బిడ్డ కోరునది కాఫీ యని యనుకొని వాదించితిమి. ఒక యుదయమున బిడ్డను జాగ్రత్తగ గమనింపుడు. కాఫీ చేదు, పసినాలుకకు చేదు హితము గాదు, మొదటి గుక్కకు బిడ్డ మొగము వికారముగ పెట్టును. అయినను మరల నడుగును. ఏల? ఆ సమయమున తాతయు తండ్రియు తల్లియు నొకచోట గూర్చుందురు, వార్తాపత్రిక తెరవబడును, నవ్వుదురు, వాదించుదురు, ఇరుగుపొరుగుల సంగతులు చెప్పుకొందురు. దినమంతటిలో పెద్దవారు తీరికగ నుండు గడియ యదియే. ఆ వలయములోనికి ప్రవేశమునకు టిక్కెట్టు కాఫీగ్లాసని బిడ్డకు దోచినది. బిడ్డ యడుగునది డికాక్షను గాదు, ఆ చోటు. మనమో, "పిల్లలకు వద్దు, పోయి ఆడుకో" అని గ్లాసుతో బాటు చోటును గూడ నిరాకరించుచున్నాము. ఆ చోటు నిచ్చినచో సగము తగవు తీరును. అదే యిత్తడిగ్లాసులో పాలో, రాగిజావయో, బెల్లపుపానకమో పోసి, పెద్దల నడుమ గూర్చుండబెట్టి, వానికిని ఒక మాట చెప్పు హక్కునిండు. నాయనమ్మ ప్రేమకును దారి దొరకును; ఆమె సాసరులోనే పోయవచ్చును, పోయునది పాలైనచో ఎవ్వరికి నభ్యంతరము లేదు. ఆమెను మందలించి, ఆమె యెదుట బిడ్డ చేతిలోనిది లాగికొనుట మాత్రము చేయకుడు. అత్తగారికిని కోడలికిని నడుమ కాఫీ నొక యుద్ధముగ జేసికొన్న యిండ్లను నే నెరుగుదును. కుమారుడే పోయి తల్లికి నెమ్మదిగ జెప్పవలసిన మాట యిది.

తేనీటితో మన సమాజమునకు మరియొక పూర్వసంబంధము గలదు. అస్సాము తేయాకుతోటలలో కూలీలు పడిన బాధలను మొదట నలుగురికి తెలిపినవారిలో బ్రాహ్మప్రచారకుడైన రామకుమార విద్యారత్నుడును, 1886లో నా తోటలకు స్వయముగ బోయి చూచి పత్రికలలో వ్రాసిన ద్వారకానాథ గంగూలీయును గలరు. గిన్నెలోనున్న తేనీటివెనుక నెవరి బిడ్డలున్నారని వారడిగిరి. ఆ ప్రశ్న మన వంటయింటివరకు వచ్చును. పదునాలుగేండ్ల లోపలి బిడ్డలచేత పని చేయించుటను 2016లో సవరింపబడిన చట్టము నిషేధించినది. అయినను టీకొట్టు బల్లలయొద్ద గ్లాసులు కడుగు చిన్నచేతులను మనము చూడకపోలేదు. ఆ బిడ్డకు అన్నమునకు బదులుగ తేనీరే దొరకును. అది యాకలిని తీర్చదు, తెలియకుండ చేయును.

అంత దూరము పోనేల? అంట్లు తోమ వచ్చు స్త్రీ వెంట నాలుగేండ్ల పిల్ల వచ్చి పెరటిగుమ్మమున గూర్చుండును. మన బిడ్డకు పాలగ్లాసిచ్చి, ఆ పిల్లకు తల్లితో బాటు తేనీరు పోయుట పెక్కు యిండ్లలో గలదు. దయయనియే పోయుదురు, ఏమియు నీయనివారికంటె వారు మేలే. కాని మన బిడ్డ నిద్రకును ఆకలికిని రక్తమునకును చెఱుపని యిన్ని పుటలలో లెక్క వేసిన వస్తువు, గుమ్మము దాటగనే చెఱుపు గాకపోవునా? ఆ పిల్ల మన బిడ్డకంటె బక్కపలుచనిది. తూకమువేసిన లెక్క యామెకు మరింత వర్తించును. పాలు ప్రియమని యందురు. కాఫీపొడికి నెలకెంతయగుచున్నదో చూచి ఆ మాట యనవలెను. రేపటి యుదయమున నా గిన్నెలో నింకొక గ్లాసెడు పాలు పోసి కాచుటకు యజమానురాలి యొక్క మాట చాలును. దానికి యే సభయు తీర్మానము చేయనక్కరలేదు.